మర తిప్పే ముందు

మేనల్లుడికి ఆశీస్సులు.

నీ పడవ వెనక బిగించిన పాత ఔట్‌బోర్డ్ మోటారు నెమ్మదిగా నడిస్తే వణుకుతోందనీ, వేగం పెంచబోతే దగ్గి ఆగిపోతోందనీ రాశావు. పెట్రోలునూ గాలినీ కలిపే మూడు కార్బురేటర్లనూ సరిచేయడానికి స్క్రూడ్రైవర్ పట్టుకుని కూర్చున్నావట. ముందు దాన్ని కింద పెట్టు.

కార్బురేటర్ మీద నేరం మోపడం తేలిక. తిప్పడానికి మర కనబడేది అక్కడే కదా! మొదట స్పార్క్ ప్లగ్గులు తీసి మూడు సిలిండర్ల కంప్రెషన్, అంటే లోపలి గాలిని పిస్టన్ నొక్కే ఒత్తిడి, కొలువు. ఒకదానికీ మరొకదానికీ 10, 15 శాతానికి మించి తేడా ఉంటే ఆ జబ్బుకు మందు కార్బురేటర్‌లో లేదు. ప్రతి ప్లగ్గుకూ నిప్పురవ్వ గట్టిగా వస్తోందో లేదో చూడు. నిలవ పెట్రోలు పారబోసి కొత్తది పోయి. మోటారు పరుగులో నీరసించినప్పుడు పెట్రోలు గొట్టం మీది ప్రైమర్ బల్బును, అంటే పెట్రోలును ముందుకు తోసే రబ్బరు బుడ్డిని, నొక్కి చూడు. వెంటనే పుంజుకుంటే లోపం పంపులోనో, ఫిల్టర్‌లోనో, గొట్టంలోనో ఉన్నట్టు.

ఇవన్నీ బాగుంటే అప్పుడు కార్బురేటర్లు విప్పు. పెట్రోలు ఆవిరైపోయాక మిగిలే జిగురు ముందుగా పూడ్చేది నెమ్మది నడకకు పనికొచ్చే సన్నని దారులనే. వాటిలోకి ఇనుప తీగ మాత్రం దూర్చకు. పెట్రోలును కొలిచి వదిలే చిల్లుల ముక్కలైన జెట్లు ఇత్తడివి, మెత్తన. రంధ్రం కాస్త పెద్దదైనా కొలత తప్పుతుంది. శుభ్రం చేసే ద్రవం, గట్టి గాలి చాలు. కళ్లద్దాలు పెట్టుకో, ఆ ద్రవం ఎటు చిమ్ముతుందో చెప్పలేం. లోపల పెట్రోలు మట్టాన్ని అదుపులో ఉంచే ఫ్లోట్ ఎత్తు మాన్యువల్‌లో చెప్పినట్టు ఉంచు.

బిగించాక, మిశ్రమం జోలికి పోకముందే, మూడు కార్బురేటర్లలో గాలి దారిని తెరిచే థ్రాటిల్ పలకలూ ఒకేసారి తెరుచుకుంటున్నాయో లేదో చూడు. ఒకటి ముందూ ఒకటి వెనకా అయితే ఎన్ని మరలు తిప్పినా వణుకు పోదు. చాలామంది దాటేసేది ఈ మెట్టే.

ఇక పెట్రోలు, గాలి పాళ్లను మార్చే మిశ్రమం మర. ఇప్పుడున్న స్థానం నుంచి లోపలికి ఎన్ని చుట్లు పడుతుందో లెక్కపెట్టి రాసుకో. అడుగు తగిలీ తగలగానే ఆపు. బిగిస్తే మర చివరనున్న సూది మొన చెడుతుంది. అక్కడి నుంచి మాన్యువల్ చెప్పినన్ని చుట్లు వెనక్కి తిప్పు. చాలా మోటార్లకు అది ఒకటి, ఒకటిన్నర చుట్ల దగ్గర ఉంటుంది.

అసలు సర్దుబాటు పడవ నీళ్లలో ఉండగా, తాళ్లతో గట్టిగా కట్టి, మోటారు వేడెక్కాక, గేరులో చెయ్యాలి. ఒక్కో కార్బురేటర్‌కూ చుట్టులో ఎనిమిదో వంతు తిప్పి, పదిహేను సెకన్లు ఆగి విను. లోపలికి తిప్పుతూ పోతే తుమ్ముతుంది, అంటే పెట్రోలు తగ్గి మిశ్రమం పలచబడింది. బయటికి తిప్పితే బరువుగా, గునుస్తున్నట్టు నడుస్తుంది, అంటే చిక్కబడింది. రెంటికీ నడుమ తియ్యగా మోగే చోటు పట్టుకుని, అక్కడి నుంచి మరో ఎనిమిదో వంతు చిక్కన వైపుకే జరుపు.

ఆ చివరి ఎనిమిదో వంతు నాకు ఒక పిస్టన్ ఖరీదుకు వచ్చిన పాఠం. గట్టు మీద, గొట్టం నీళ్లు పెట్టి, సూదిని లోపలికి తిప్పుకుంటూ ఎంతో నాజూకుగా నడిపించి మురిసిపోయాను. నీళ్లలో బరువు పడేసరికి అరగంటలో పిస్టన్ తలకు చిల్లు పడింది. పెట్రోలులో నూనె కలిపి నడిపే టూ స్ట్రోక్ మోటారులో పెట్రోలు తగ్గితే నూనె కూడా తగ్గుతుంది. వేడి పెరిగే వేళకే తడి కరవవుతుంది. చిక్కనైతే పొగ, మసి. పిస్టన్‌కు చిల్లు మాత్రం పడదు.

గట్టు మీద చేసే ఏ పరీక్షలోనైనా నీళ్లు లేకుండా క్షణం కూడా నడపకు, నీటి పంపులోని రబ్బరు చక్రం కాలిపోతుంది. ప్రొపెల్లర్ దగ్గరికి ఎవరినీ రానివ్వకు. లాగితే మోటారును ఆపేసే కిల్ స్విచ్ తాడు నీ చేతికే ఉండాలి.

అంతా అయ్యాక కాసేపు పూర్తి వేగంతో నడిపి, అదే వేగంలో ఆపి, ప్లగ్గులు తీయి. లేత గోధుమ రంగైతే బాగుంది. తెల్లగా ఉంటే మిశ్రమం పలచనన్నమాట, వెంటనే నడపడం మానెయ్యి. మూడింటినీ ఏ సిలిండర్‌ది ఏదో తెలిసేలా వరసగా పెట్టి ఫోటో తీసి పంపు.

నీ మామయ్య