శత్రుదేశపు పిల్లతో పెళ్లి

ప్రశ్న: రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక అమెరికా సైనికులు జర్మన్ అమ్మాయిలను పెళ్లాడనిచ్చేవారా?
– ఓ పాఠకురాలు, తెనాలి

జవాబు: పెళ్లి దాకా ఎందుకు, మొదట్లో పలకరించినా తప్పే. దొరికితే 65 డాలర్ల జరిమానా. మామూలు సిపాయి మూల జీతం నెలకు 50 డాలర్లే! అయినా చాటుమాటు కలయికలు ఆగలేదు. 1945 జులైలో నలుగురి ఎదుట మాట్లాడుకోనిచ్చారు, అక్టోబరుకల్లా నిషేధం చాలావరకు ఎత్తేశారు. పెళ్లికి మాత్రం 1946 డిసెంబరు దాకా మోక్షం లేదు. అప్పుడైనా పై అధికారి అనుమతి ఉండాల్సిందే. కాగితాలు కదిలేలోగా అబ్బాయిని స్వదేశానికి పంపేస్తే చిక్కే. 1946 జూన్‌లో వచ్చిన కాబోయే భార్యల చట్టం ఇంకో దారి చూపింది: అమ్మాయి తాత్కాలిక వీసాతో అమెరికా వెళ్లి మూడు నెలల్లో పెళ్లాడాలి. కుదరకపోతే వెనక్కి రావాల్సిందే. ఆ ఖర్చుకు అబ్బాయి ముందే పూచీ కట్టాలి.