ముందు వాళ్ల ఫీల్డ్ నోట్‌బుక్ అడుగు

తల్లీ,

నువ్వు పంపిన కాలేజీల లిస్టు చూశాను. ఆరింటికీ ర్యాంకు ఎంత, క్యాంపస్ ఎంత పెద్దది, ఎంతమందికి ఉద్యోగాలొచ్చాయి, అన్నీ శ్రద్ధగా రాశావు. కానీ సహజ వనరుల సంరక్షణ చదవబోయే పిల్లని నేను ముందు అడిగే సంగతి ఒక్కదాని పక్కనా లేదు. అక్కడి పిల్లలు ఏడాదికి ఎన్ని రోజులు అడవిలోనో, వాగు ఒడ్డునో, పొలాల్లోనో పనిచేస్తారు? ఒకసారి వెళ్లిన చోటికే మళ్లీ మళ్లీ వెళ్తారా, లేక ఏటా ఒక కొత్త చోటు చూసి ఫోటోలు దిగి వచ్చేస్తారా?

దీనికోసం ప్రిన్సిపాల్ దాకా వెళ్లక్కర్లేదు. మూడో ఏడు చదివే పిల్లల్లో ఎవరో ఒకరిని పట్టుకుని, నీ ఫీల్డ్ నోట్‌బుక్ ఒకసారి చూపిస్తావా అని అడుగు. నిజంగా బయట పని చేయించే కాలేజీ అయితే ఆ పుస్తకం అట్ట మూలలు అరిగిపోయి ఉంటాయి, పేజీలు ఎప్పుడో తడిసి ఆరి ఉబ్బి ఉంటాయి, రాత పెన్సిల్‌తో ఉంటుంది, ఎందుకంటే మామూలు ఇంకు వానకి కారిపోతుంది. పేజీ పైన తేదీ, టైము, ఆకాశం ఎలా ఉందో, ఎవరెవరు వెళ్లారో. కింద చెట్ల నంబర్లు, కొలతలు, మధ్యలో ఎక్కడో ఒక అంకె తప్పు పడితే దాన్ని రబ్బరుతో చెరపకుండా ఒక్క గీత కొట్టి పక్కన సరైనది వేసి ఉంటుంది. ఆ గీత కనిపిస్తే నాకు సగం నమ్మకం వచ్చేస్తుంది. తప్పుని దాచకుండా ఉంచమని ఎవరో ఆ పిల్లకి ఓపిగ్గా నేర్పారన్నమాట. అలా కాకుండా మార్జిన్లు గీసి, బొమ్మలకి రంగులు వేసి, ఇంటికెళ్లాక నీట్‌గా ఎత్తి రాసిన ఫెయిర్ కాపీ ఒక్కటే తెచ్చి చూపిస్తే కాస్త ఆలోచించు.

ఇంత పట్టుగా ఎందుకు చెబుతున్నానంటే నేను చదివిన చోట ఇంక్రిమెంట్ బోరర్ అద్దాల బీరువాలో ఉండేది. చెట్టు కాండంలోకి తిప్పుతూ దించి, సన్నటి చెక్క పుల్లని బయటికి లాగి, వలయాలు లెక్కపెట్టే పనిముట్టు అది. పరీక్షలో దాని బొమ్మ వేసి మార్కులు తెచ్చుకున్నాను, చేత్తో మాత్రం ఒక్కసారీ పట్టుకోలేదు. ఉద్యోగంలో చేరిన మొదటి వారం నా చేతికిచ్చారు. లోపలికి దించి, పుల్ల తీసి, దాన్ని చూస్తూ ఉండిపోయాను. పుల్ల తీసిన వెంటనే బోరర్‌ని వెనక్కి తిప్పి తీసేయాలి, లేకపోతే కలప దాని చుట్టూ బిగుసుకుపోతుంది. బిగుసుకుపోయింది. నాతో వచ్చినావిడ అరగంట కష్టపడి తీసింది, నన్ను ఒక్క మాట కూడా అనలేదు. నాలుగేళ్లు చదివి వచ్చినదాన్ని ఆ చెట్టు ముందు ఏమీ తెలియకుండా నిలబడ్డానే అన్న బాధ ఇప్పటికీ పోలేదు. నీకు ఆ పరిస్థితి రాకూడదు.

చెట్టు లావు కొలవడమే తీసుకో. నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తులో, కొన్ని దేశాల్లో 1.3 మీటర్ల దగ్గర, టేపు చుట్టి కొలుస్తారు. వినడానికి ఇంతే. కానీ వాలులో ఉన్న చెట్టుకి ఆ ఎత్తుని పైవైపు నేల నుంచి లెక్కపెట్టాలి, మొదలు దగ్గర వేర్లు పలకల్లా ఉబ్బిన చెట్టుకి ఆ ఉబ్బు దాటాక పైన కొలవాలి. క్లాసులో ఇవి రెండు వాక్యాలు. కాలు జారుతూ, టేపు చివర తీగల్లో చిక్కుకుని, పక్కనున్న వాడు చెప్పే అంకె నీ అంకెతో కలవకపోతే అప్పుడు గానీ ఒంటబట్టవు. ఇద్దరు పిల్లలు ఒకే చెట్టుకి రెండు కొలతలు చెబితే తేడా ఎక్కడొచ్చిందో అక్కడే నిలబడి తేల్చే మాస్టారున్న కాలేజీ దొరికితే ర్యాంకు గురించి టెన్షన్ పడకు.

వెళ్లిన చోటికే మళ్లీ వెళ్లాలని ఎందుకన్నానో చెబుతాను. అమెరికాలోని న్యూ హాంప్‌షైర్‌లో హబ్బర్డ్ బ్రూక్ అనే అడవి ఉంది. డార్ట్‌మత్ కాలేజీ అధ్యాపకులు, అటవీ శాఖ శాస్త్రవేత్తలు కలిసి 1963లో అక్కడి వాన నీటినీ వాగుల నీటినీ పట్టి పరీక్షించడం మొదలుపెట్టారు. వాన ఉండాల్సిన దానికంటే ఎంతో ఆమ్లంగా ఉందని తేలింది. ఉత్తర అమెరికాలో ఆమ్ల వర్షాల సంగతి అలా బయటపడింది. ఒక్క ఏడాది పట్టి ఆపేసి ఉంటే ఎవరూ నమ్మేవారు కాదు, ఏళ్ల తరబడి వరసగా లెక్కలున్నాయి కాబట్టే 1990లో అక్కడి గాలి కాలుష్య చట్టాన్ని సవరించినప్పుడు అవి ఆధారంగా నిలిచాయి. అలాగే అమెరికాలోనే ఐల్ రాయల్ అనే దీవిలో తోడేళ్లనీ, మూస్ అనే పెద్ద దుప్పులనీ 1958 నుంచి లెక్కిస్తున్నారు. నీ కాలేజీకి అంత పెద్ద అడవి ఉండాలని నేను అనను. సీనియర్లు ఎప్పుడో నంబర్లు కట్టిన చెట్లున్న చిన్న ప్లాటు ఒకటి చాలు. అక్కడ మొదటి కొలత ఏ ఏడాదిలో తీశారు, పాత లెక్కలు ఎక్కడ దాచారు, ఈ ఏడాది ఎవరు తీస్తున్నారు అని అడుగు. చెప్పగలిగితే మంచి చోటే.

తర్వాత సిలబస్. నువ్వు స్టాటిస్టిక్స్ లేని కోర్సు అయితే బాగుంటుందన్నావట, మీ నాన్న చెప్పాడు. వద్దమ్మా, దాన్ని తప్పించుకోకు. కెనడాలో న్యూఫౌండ్‌లాండ్ తీరంలో కాడ్ చేపకి ఏం జరిగిందో చదువు. చేపలు తగ్గిపోతున్నా మిగిలినవి గుంపులుగా ఒకచోట చేరేవి, పెద్ద ట్రాలర్లు ఆ గుంపులు ఎక్కడున్నాయో పట్టుకోగలిగేవి, దాంతో గంటకి పడే చేప తగ్గినట్టు కనిపించలేదు. ఆ లెక్కని బాగా నమ్మడం వల్ల సముద్రంలో ఉన్నదానికంటే ఎక్కువ చేప ఉందనుకున్నారు. చివరికి 1992లో వేట పూర్తిగా ఆపేయాల్సి వచ్చింది, వేలమందికి బతుకుతెరువు పోయింది. శాంపిల్ ఎక్కడి నుంచి తీయాలి, ఎన్ని తీయాలి, వచ్చిన అంకెని ఎంతవరకు నమ్మాలి అన్నది ఈ చదువుకి ప్రాణం. కనీసం రెండు పేపర్లయినా ఉన్న కాలేజీ చూడు, అదీ మన ఫీల్డ్ లెక్కలతోనే నేర్పేది అయితే మరీ మంచిది.

ఉపగ్రహ చిత్రాల ల్యాబ్ గురించి బ్రోషర్లలో చాలా గొప్పగా రాస్తారు. ల్యాండ్‌శాట్ అనే అమెరికా ఉపగ్రహాలు 1972 నుంచి భూమిని ఫోటోలు తీస్తున్నాయి, 2008 నుంచి ఆ చిత్రాలు ఎవరికైనా ఉచితం, వాటి మీద పనిచేయడానికి క్యూజీఐఎస్ లాంటి సాఫ్ట్‌వేర్ కూడా ఉచితమే. అంటే ఆ ల్యాబ్ కోసమే ఎక్కువ ఫీజు కట్టక్కర్లేదు. తెరమీద పచ్చగా కనిపించేది అడవా, తోటా, కలుపు మొక్కలా అని నడిచివెళ్లి చూసొచ్చి సరిపోల్చడం నేర్పుతున్నారో లేదో అడుగు.

ఇంకోటి, చాలామంది ఆలస్యంగా తెలుసుకుని బాధపడేది. డిగ్రీ పేరు చూసి మోసపోకు. ఉద్యోగమిచ్చేవాళ్లు తరచు లోపలి సబ్జెక్టులు చూస్తారు. భారత అటవీ సేవ పరీక్ష రాయాలంటే డిగ్రీలో వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, రసాయన శాస్త్రం, స్టాటిస్టిక్స్ లాంటి నిర్ణీత సబ్జెక్టుల్లో ఒక్కటైనా ఉండాలి, లేదా అటవీ శాస్త్రం, వ్యవసాయం, ఇంజనీరింగ్ లాంటి డిగ్రీ ఉండాలి. అమెరికా ప్రభుత్వంలో వన్యప్రాణి జీవశాస్త్రవేత్త పోస్టుకి జంతుశాస్త్రంలో ఇన్ని క్రెడిట్లు, మొక్కల శాస్త్రంలో ఇన్ని అని లెక్క ఉంటుంది. అందుకని నీకు నచ్చిన రెండు మూడు ఉద్యోగాల నోటిఫికేషన్లు ఇప్పుడే తీసి, కాలేజీ సిలబస్ పక్కన పెట్టి ఒక్కో సబ్జెక్టూ టిక్కు పెట్టుకుంటూ చూడు. ఒక సాయంత్రం పని.

అడవి అంటే అందులో బతికే మనుషులు కూడా. భూమి హక్కులు, చట్టం, ఊరివాళ్లతో కూర్చుని మాట్లాడటం నేర్పే పేపరు ఉండాలి. ఊళ్లవాళ్లు తమ నీళ్లనీ అడవుల్నీ తామే నియమాలు పెట్టుకుని ఎలా కాపాడుకుంటారో పరిశోధించిన ఎలినార్ ఆస్ట్రమ్‌కి 2009లో అర్థశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఆ పేరు విన్నావా అని అక్కడి పిల్లల్ని అడిగి చూడు.

హాస్టలు, క్యాంటీను, ఆడపిల్లలు ఫీల్డ్‌కి వెళ్లినప్పుడు ఉండే ఏర్పాట్లు సీనియర్ అమ్మాయిలనే అడుగు, ఆ చివరిది మొహమాటపడకుండా అడుగు. రాత్రుళ్లు బయట ఉండాల్సి వస్తుంది, వెంట ఎవరుంటారో, దెబ్బ తగిలితే ఎవరు చూస్తారో తెలియాలి.

వచ్చే నెల రెండు కాలేజీలు చూడటానికి వెళ్తున్నావు కదా. గట్టి బూట్లు వేసుకెళ్లు. ఆ రోజు ఏ బ్యాచ్ అయినా ఫీల్డ్‌కి వెళ్తుంటే వెనకాల వస్తానని అడుగు, చాలామంది ఒప్పుకుంటారు. ఆ నోట్‌బుక్ పేజీ ఫోటో తీసుకోనిస్తే తీసి నాకు పంపు, ఇద్దరం కలిసి చూద్దాం.

మీ అత్త