అటక మీది రబ్బరు బ్యాండ్లు

ప్రశ్న: అటక మీద దాచిన పాత రసీదుల కట్టలకు చుట్టిన రబ్బరు బ్యాండ్లు రెండు వేసవులకే జిగురై కాగితాలకు అంటుకుపోయాయి. రోజూ ఆవిరిలో ఉడికే కుక్కర్ గాస్కెట్‌కు ఏమీ కాలేదు. రెండూ రబ్బరే కదా?
– ఒక పాఠకురాలు, మలక్‌పేట

జవాబు: ఇంటిపేరు ఒకటే, వంశాలు వేరు. మీ బ్యాండు చాలావరకు రబ్బరు చెట్టు పాలదే. ఆ పాలలో కాస్త ఫార్మిక్ ఆమ్లం వేస్తే పెరుగులా గడ్డకడతాయి. అందులో ఉండేవి ఐసోప్రీన్ ముక్కలు వేలకొద్దీ కలిసిన గొలుసులు. ప్రతి ముక్కలోనూ ఒక ద్విబంధం, అంటే రెండు కార్బన్ పరమాణువుల మధ్య జంట లంకె, ఉంటుంది. రబ్బరును గట్టిపరచడానికి కలిపే గంధకానికి పట్టు దొరికేది దాని దగ్గరే, వేడిలో ఆక్సిజన్ దాడి చేసేదీ దాని దగ్గరే. గొలుసులు తెగాయా, మిగిలేది జిగురు.

జీడిమెట్లలో ఒక చిన్న కర్మాగారంలో ఇరవై ఆరేళ్లు రెండు రోలర్ల మిల్లు ముందు నిలబడ్డాను. రబ్బరులో గంధకం, జింక్ ఆక్సైడ్, స్టియరిక్ ఆమ్లం, గట్టిపడటాన్ని వేగిరపరిచే యాక్సిలరేటరు కలిపి పక్కన పెడితే, మే నెలలో ఆ మిశ్రమం అచ్చులోకి వెళ్లకముందే షెడ్డు వేడికి గట్టిపడేది. దాన్ని పారేయడమే. 1839లో గుడ్‌ఇయర్ కనిపెట్టిన వల్కనీకరణ, అంటే గంధకంతో వేడిచేసి రబ్బరును గట్టిపరచడం, మాకిలా అడగకుండానే జరిగిపోయేది!

గాస్కెట్లను ఎక్కువగా నైట్రైల్, సిలికోన్ అనే కృత్రిమ రబ్బర్లలో ఏదో ఒకదానితో చేస్తారు. నైట్రైల్ గొలుసులో బ్యూటాడైయీన్ ముక్కలతో పాటు అక్రిలోనైట్రైల్ అనే రసాయనం ముక్కలూ ఉంటాయి కనుక నూనెకు ఉబ్బదు. ముదిరితే కరగదు, బిరుసెక్కుతుంది. సిలికోన్ గొలుసుకు వెన్నెముక సిలికాన్, ఆక్సిజన్. అందులో ద్విబంధాలే లేవు.

రసీదులకు నూలు దారం కట్టండి.