మా పల్లె చర్చి పిడికెడు జొన్నలతో లేచింది

"మీ ఊరి చర్చిని ఎవరు స్థాపించారు? తొలి రోజుల చరిత్ర ఎలా తెలుసుకోవాలి?" అని అడిగారు. మాది ఒంగోలు పక్కన పల్లె. మా చర్చి గోడలో ఒక రాతిపలక ఉంది, దాని మీద ఒక అమెరికన్ దొర పేరు చెక్కి ఉంది. మా పిల్లల్ని అడిగితే ఆ పేరే చెబుతారు. నేను మాత్రం ఒప్పుకోను. ఆ దొర పునాదిరాయి వేయడానికి వచ్చేనాటికే మా పల్లెలో సంఘం ఉంది, చింతచెట్టు కింద ఆరాధన జరుగుతోంది, పాటలు పాడేవాళ్ళున్నారు. ఆయన వచ్చింది గోడలకు.

ఒంగోలు ప్రాంతం మొత్తం కథే అలాంటిది. అందరూ అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర పేరు చెబుతారు. ఆయన 1866లో ఒంగోలు వచ్చారు, గొప్పవారే. కానీ ఆయన వచ్చేసరికే ఎర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మం తీసుకుని ఉన్నాడు. తాళ్ళకొండపాడు మాదిగ పల్లె మనిషి, తోళ్ళ వ్యాపారం చేసుకునేవాడు, అంతకుముందే యోగం నేర్చి నలుగురికి చెప్పినవాడు. ఊరూరా తిరిగి చుట్టాలకీ పక్కాలకీ సువార్త చెప్పింది ఆయనా, ఆయన భార్య నాగమ్మా. దొర తెలుగు నేర్చుకుంటుంటే వీళ్ళు సంఘాలు పోగుచేశారు. పేరయ్య పేరు మన పాఠాల్లో ఎందుకు లేదో నాకు ఇప్పటికీ కోపమే.

"కరువులో గంజి కోసం క్రైస్తవంలో కలిశారు" అనేవాళ్ళకు ఒక మాట. 1876-78 కరువులో క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించారు. కూలి దగ్గర మేస్త్రీలుగా ఉన్నది మన బోధకులే. పలుగూ పారా పక్కన పెట్టి కూర్చున్నప్పుడు వాళ్ళ మాటలే అందరూ విన్నారు. బాప్తిస్మం ఇమ్మని ఎంత అడిగినా, ఆ సాయం సాగినన్నాళ్ళూ దొర ఇవ్వలేదు. ఆ పని అయిపోయాకే, 1878 జులై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది మునిగి లేచారు. ఆ నీళ్ళలో దిగి బాప్తిస్మమిచ్చినవాళ్ళూ తెలుగు బోధకులే, ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకుని ఇచ్చారు.

కలిశాక సుఖపడిందీ లేదు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు, ఆదివారం పని చేయకూడదు అన్నవి అప్పటి నియమాలు. మాదిగ పల్లెలో ఈ మూడూ పాటిస్తే ఊళ్ళో పెద్దలతో తగాదా తప్పదు. పనికి పిలవడం మానేసేవారు, బావుల దగ్గరికి రానిచ్చేవారు కాదు.

ఇక మా చర్చి సంగతి. ఇది మా నాయనమ్మ నోట విన్నది. పిడికెడు బియ్యం కానుక ఇప్పటికీ చాలా సంఘాల్లో ఉంది. అప్పట్లో మా పల్లెలో బియ్యం పండక్కే కనపడేది, కాబట్టి జొన్నలు, సజ్జలు, వరిగలు. పొద్దున విసరడానికి గింజలు తీసినప్పుడల్లా ఒక పిడికెడు పక్కనున్న పిడతలో వేయాలి. శనివారం బైబిలు స్త్రీ, అంటే ఇళ్ళకు వచ్చి ఆడవాళ్ళకు వాక్యం చెప్పే ఆవిడ, సంచీతో ఇంటింటికీ వచ్చేది. ఆదివారం ఆరాధన అయ్యాక చెట్టు కిందే ఆ గింజలకు వేలం పాట. ఆ డబ్బుతోనే సున్నం, తాటి దూలాలు. ఏటి ఇసక మోసింది ఆడవాళ్ళే.

ఒక ఏడు వానల్లేవు. ఇంట్లో గింజలు ఒక పూటకే ఉన్నాయి. మా నాయనమ్మ వాళ్ళమ్మ అలవాటు ప్రకారం పిడికెడు తీసి పిడతలో వేసింది. ఆమె భర్త చూసి, "పిల్లలు ఏడుస్తుంటే నీకు గుడి కావాల్సొచ్చిందా" అని పిడతను తిరగలి మీద బోర్లించాడట. ఆమె ఏమీ అనలేదు. గింజలన్నీ కూడదీసి, మళ్ళీ ఒక పిడికెడు తీసి పిడతలో వేసి, పైన మూకుడు మూసి దాని మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. ఆ పూట తను అన్నం ముట్టలేదు. శనివారం వచ్చిన బైబిలు స్త్రీ సంగతి తెలిసి, "ఈ వారానికి వద్దులే అక్కా, పిల్లలకు పెట్టుకో" అంది. "నీకిస్తున్నానా నేను? వద్దనడానికి నువ్వెవరు?" అని ఆమె సంచీలో పోసేసిందట. మా నాయనమ్మ ఇది చెప్పేటప్పుడు తన పిడికిలి మూసి చూపించేది.

ఆ మనిషి పేరు ఏ పలక మీదా లేదు. మొన్న జూబిలీకి వేసిన సావనీరులో దాతల ఫోటోలు రంగుల్లో ఉన్నాయి, మైకు సెట్ ఇచ్చినాయన ఫోటో పూర్తి పేజీ. గింజలిచ్చిన ఆడవాళ్ళకు ఒక్క లైను లేదు. పాత సున్నపు గోడలు కొట్టేసి గ్రానైటు వేశారు, బాప్తిస్మం రిజిస్టర్లు అట్టపెట్టెలో చెదలు పడుతుంటే ఎవరికీ పట్టలేదు. ఇది చిన్న విషయం కాదు. చదువు రానివ్వని జనం గురించి ఎవరైనా రాసిపెట్టిన కాగితాలు ఎన్నున్నాయి? మా తాతల పేరు, వాళ్ళ నాన్న పేరు, ఊరు, అన్నీ సిరాతో రాసున్నది అందులోనే.

మీ చర్చి చరిత్ర కావాలంటే పలక చూసి సరిపెట్టుకోకండి. పాస్టరు అయ్యగారిని అడిగి పాత బాప్తిస్మం, పెళ్ళి రిజిస్టర్లు, కానుకల లెక్కల పుస్తకం తీయించండి, ప్రతి పేజీ ఫోనులో ఫోటో తీసుకోండి. సమాధుల తోటలో పాత రాళ్ళు చదవండి. స్థలం ఎవరిచ్చారో దస్తావేజులో ఉంటుంది. వీటన్నిటికన్నా ముందు మీ పల్లెలో అందరికంటే పెద్దావిడ దగ్గరికి వెళ్ళండి. "చర్చి ఎప్పుడు కట్టారు" అని అడిగితే ఆమెకు సంవత్సరం గుర్తుండదు. "ఇసక ఎవరు మోశారు, వంట ఎవరు చేశారు, ఎవరు వద్దన్నారు" అని అడగండి, వరసపెట్టి పేర్లు చెబుతుంది.