పనివాళ్ల చదువు, పని శిక్షణ: మీ ప్రశ్నలు, మా జవాబులు

మునిసిపాలిటీల్లో, పంచాయతీల్లో, ప్రభుత్వాఫీసుల్లో పనిచేసేవాళ్ల చదువు గురించి కర్నూలు, అనంతపురం, కడప ప్రాంతాల పాఠకులు అడిగిన ప్రశ్నలకు ఈసారి జవాబులిస్తున్నాం.

మా అమ్మకు 47 ఏళ్లు. పారిశుద్ధ్య కార్మికురాలు. ఇప్పటికీ వేలిముద్రే. పలక తెచ్చి అఆలు మొదలుపెట్టినాను. నాలుగు రోజులకే ‘నాకు ఎక్కదులే నాయనా’ అనేసింది. ఎట్లా నేర్పాలి? – ఓ పాఠకుడు, ఆదోని

పలక మళ్లీ చేతికిచ్చే ముందు అమ్మకు కళ్లు పరీక్ష చేయించండి. నలభై దాటాక దగ్గరి చూపు మందగిస్తుంది. అక్షరం అలుక్కుపోయినట్టు కనబడుతుంటే, అది చూపు దోషమని తట్టక తనకు చదువు రాదనే అనుకుంటారు. చదువు మానేసిన పెద్దవాళ్లలో చాలామందికి కావలసింది ఒక జత కళ్లద్దాలు.

అఆల వరస ఇప్పుడొద్దు. అక్షరాలన్నీ పూర్తయ్యేదాకా పనికొచ్చే మాట ఒక్కటీ చదవలేకపోతే పెద్దవాళ్లకు ఓపిక నిలవదు. అమ్మ పేరుతో మొదలుపెట్టండి. తర్వాత ‘పని’, ‘తడి’, ‘జీతం’, ‘సెలవు’, ఆమె ఊడ్చే వీధి పేరు. రోజుకు రెండు మాటలు చాలు. ‘తడి’, ‘పని’ వచ్చాక ‘పడి’ అని రాసి చూపండి, తనే చదివేస్తుంది. ఆ క్షణం కోసమే ఇదంతా. ‘ప–వ’, ‘మ–య’, ‘ద–డ’ జంటలను మాత్రం ఒకేరోజు చెప్పొద్దు, కలిసిపోతాయి.

ఎక్కువమంది ఆగిపోయేది వత్తుల దగ్గర. ‘బిడ్డ’, ‘పెద్ద’, ‘బుగ్గ’ ముందు నేర్పండి. వాటిలో వత్తు తలకట్టు తీసేసిన అక్షరంలాగే ఉంటుంది. త, న, మ, య, ర, ల వత్తులకు రూపమే మారిపోతుంది కాబట్టి ‘చెత్త’, ‘అమ్మ’, ‘అన్న’ ఆ తర్వాత. చీపురు పట్టి బిగుసుకున్న వేళ్లకు సన్న పెన్సిలు నొప్పి. లావు సుద్దముక్క ఇచ్చి నేలమీద రాయించండి. తెల్లవారుజాము డ్యూటీ చేసి వచ్చిన మనిషికి తిండి, కునుకు అయ్యాక సాయంత్రం నలభై నిమిషాలకు మించి వద్దు.

అంకెలు ఫోనువల్ల సగం వచ్చే ఉంటాయి. జీతం చీటీ ముందుపెట్టి లెక్క చేయించండి: పీఎఫ్ లెక్కలోకి వచ్చే జీతంలో ప్రతి వెయ్యికి 120 రూపాయలు పీఎఫ్, ఈఎస్ఐకి ప్రతి వెయ్యికి ఏడున్నర. కోత సరిగ్గా పడిందో లేదో తనే చూసుకోగలిగిన రోజున చదువు ఎందుకో ఎవరూ చెప్పనక్కర్లేదు.

నేర్చుకున్నదానికి సర్టిఫికెట్ కూడా తీసుకోండి. కేంద్రం 2022లో మొదలుపెట్టిన ‘ఉల్లాస్’ కార్యక్రమంలో 15 ఏళ్లు దాటిన ఎవరైనా చేరొచ్చు. పరీక్షలో చదవడం, రాయడం, లెక్కలు ఒక్కోటి 50 మార్కులు, మొత్తం 150.

ఆఫీస్ సబార్డినేట్‌గా ఉన్నాను. ఏడో తరగతితో ఆగిపోయాను. నేరుగా పది రాయొచ్చా? – ఓ పాఠకుడు, కడప

రాయొచ్చు. ఏపీ సార్వత్రిక విద్యాపీఠం (ఓపెన్ స్కూల్)లో చేరడానికి 14 ఏళ్లు నిండితే చాలు, పైవయసుకు హద్దు లేదు. ఐదు సబ్జెక్టులు, ఒక్కోదానికి 35 వస్తే పాస్. అన్నీ ఒక్కసారే గట్టెక్కాలని లేదు. నమోదు ఐదేళ్లు చెల్లుతుంది, పాసైన సబ్జెక్టు పాసైనట్టే. లెక్కలంటే భయమున్నవాళ్లు తొలి విడత తెలుగు, సాంఘిక శాస్త్రం రాసుకోవడం మేలు.

ఒక్క జాగ్రత్త. దరఖాస్తులో రాసే పుట్టినతేదీ మీ సర్వీసు రిజిస్టరులో ఉన్న తేదీతో అక్షరాలా కలవాలి. రిజిస్టరులో ఒకసారి ఎక్కిన తేదీని 1984 నాటి నిబంధనల ప్రకారం రాతపొరపాటు అయితే తప్ప మార్చరు. పది సర్టిఫికెట్‌లో వేరే తేదీ పడితే పదోన్నతప్పుడూ పింఛనప్పుడూ చిక్కే. పాసయ్యాక ఆ అర్హతను రిజిస్టరులో రాయించుకోవడం మరవొద్దు.

పంచాయతీ ట్యాంకు 60 వేల లీటర్లది. ఇన్నాళ్లూ పిడికిలి లెక్కన బ్లీచింగ్ వేస్తూ వచ్చాను. శిక్షణలో ‘రెండు పీపీఎం’ అన్నారు. అదెంత? – ఓ వాటర్‌మన్, గుంతకల్లు మండలం

వెయ్యి లీటర్లకు ఒక గ్రాము క్లోరిన్ ఒక పీపీఎం. రెండు పీపీఎం కావాలంటే మీ ట్యాంకుకు 60 రెళ్లు 120 గ్రాములు. అది క్లోరిన్ బరువు, పొడి బరువు కాదు. కొత్త బస్తాలో మూడోవంతు దాకా క్లోరిన్ ఉంటుంది, కాబట్టి మూడింతలు, అంటే 360 గ్రాముల పొడి. మూతి విప్పి అనంతపురం ఎండకు వదిలేసిన బస్తాలో నాలుగోవంతే మిగిలితే 480 గ్రాములు పడుతుంది. బస్తా మూతి బిగించి, చీకటి గదిలో, తడి తగలకుండా చెక్కపైన పెట్టండి.

పొడిని నేరుగా ట్యాంకులో చల్లొద్దు. సున్నం అడుగున పేరుకుంటుంది, క్లోరిన్ అంతటా కలవదు. ప్లాస్టిక్ బకెట్‌లో కొద్ది నీళ్లతో ముద్దచేసి, నీళ్లు పోసి కలిపి, పావుగంట తేరనిచ్చి పైనీళ్లే పోయండి. ఇనుప బకెట్ తుప్పు పడుతుంది. అరగంట ఆగాకే నీళ్లు వదలాలి.

ఇక పరీక్ష చేయాల్సింది ట్యాంకు కింద కాదు, ఊరి చివరి కుళాయి దగ్గర. అక్కడ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. ట్యాంకు దగ్గర బాగానే ఉండి చివర సున్నా వస్తే పొడి పెంచడం మందు కాదు. మధ్యలో పైపు లీకై మురుగు కలుస్తోందేమో వెతకండి. ఇంకో మాట: బ్లీచింగ్‌తో ఫ్లోరైడు పోదు, కాచినా పోదు. మీ జిల్లాలో ఇది తెలిసి తీరాలి. బోరు నీళ్లలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే వేరే నీటి వనరైనా చూడాలి, ఫ్లోరైడు తీసే ప్లాంటైనా పెట్టాలి.

మాన్‌హోల్ పనికి వచ్చే కొత్తవాళ్లకు మొదట ఏం నేర్పాలి? – ఓ శానిటరీ మేస్త్రీ, కర్నూలు

దిగకూడదని. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని దించడం 2013 నాటి మాన్యువల్ స్కావెంజింగ్ నిషేధ చట్టం ప్రకారం నేరం. కార్మికుడు ఒప్పుకున్నా, ఎక్కువ డబ్బు ఇచ్చినా నేరమే. మురుగు తీయాల్సింది యంత్రంతో.

మూత తీసేవాళ్లకూ గ్యాసు సంగతి తెలియాలి. కుళ్లిన గుడ్ల వాసన హైడ్రోజన్ సల్ఫైడుది. అది గాలిలో 100 పీపీఎం (పదిలక్షల వంతుల్లో వంద) చేరితే నిమిషాల్లో ముక్కు మొద్దుబారుతుంది. ‘వాసన పోయింది, ఇక పర్లేదు’ అనుకున్నప్పుడే చనిపోతారు. గాలికంటే బరువు కాబట్టి అడుగున నిలుస్తుంది, బురద కదిలిస్తే గుప్పున లేస్తుంది. గ్యాసు మీటరును తాడుతో పైన, నడుమ, అడుగున ఆపి ఆపి చూడాలి. ఆక్సిజన్ 19.5 శాతం తగ్గినా, సల్ఫైడు 10 పీపీఎం దాటినా దూరం జరగాలి. అగ్గిపుల్ల గీసి చూసే అలవాటు మాన్పించండి, మీథేన్ అంటుకుంటుంది. గుడ్డ మాస్కు, దుమ్ము మాస్కు గ్యాసును ఆపవు.

ఎవరైనా లోపల పడితే వెనకాలే దూకొద్దని ఒకటికి పదిసార్లు చెప్పండి. కాపాడబోయినవాళ్లే ఎందరో పోయారు. ఫైర్ సర్వీసుకు 101కి ఫోన్ చెయ్యాలి. ముక్కాలి స్టాండు, చక్రం తాడు, ఒంటికి కట్టే బెల్టు మాటలతో చెబితే రావు. ఇసుక బస్తాకు బెల్టు కట్టి అందరిచేతా పైకి లాగించండి.

మా ఆవిడ ఐదో తరగతి. చెత్త బండి నడుపుతానంటోంది. లైసెన్సు ఇస్తారా? – ఓ పాఠకుడు, ప్రొద్దుటూరు

ఇస్తారు. ఎనిమిదో తరగతి ఉండాలన్న షరతు 2019లో ఎత్తేశారు. నాలుగు చక్రాల బండి మొత్తం బరువు 7,500 కిలోలు దాటకపోతే కారు లైసెన్సే చాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. ఎల్‌ఎల్‌ఆర్ (నేర్చుకునేవాళ్ల లైసెన్సు) వచ్చిన 30 రోజుల తర్వాత డ్రైవింగు పరీక్షకు వెళ్లొచ్చు, ఆరు నెలల్లో పూర్తి చెయ్యాలి. ఆ నెలరోజులు మైదానంలో కన్నా ఇరుకు సందుల్లో రివర్సు ఎక్కువ నేర్పించండి. తొట్టి పైకెత్తే ముందు తలపైన కరెంటు తీగలు చూడాలి. ఎత్తిన తొట్టి కింద ఆనింపు కడ్డీ పెట్టకుండా చెయ్యి కూడా పెట్టకూడదు.