వియత్నాం యుద్ధానికి సాకుగా చూపిన టోంకిన్ దాడి నిజంగా జరిగిందా?

వియత్నాం తీరంలోని టోంకిన్ సింధుశాఖలో తన యుద్ధనౌకలపై ఉత్తర వియత్నాం పడవలు రెండు దాడులు చేశాయని అమెరికా ప్రభుత్వం చెప్పింది గానీ, నిజంగా జరిగింది ఒక్కటే, 1964 ఆగస్టు 2న. రెండో దాడి జరిగిందన్న 4వ తేదీ రాత్రి చీకటి, చెడ్డ వాతావరణం. సోనార్ (నీటిలో శబ్దాలను పసిగట్టే పరికరం), రాడార్ సంకేతాలను నౌకల సిబ్బంది టార్పెడోలు, శత్రు పడవలు అనుకున్నారు. అనుమానంగా ఉందని, ముందు పూర్తిగా పరిశీలించాలని అక్కడి కెప్టెన్ హెరిక్ ఆ రోజే కబురు పంపాడు. అయినా అధ్యక్షుడు జాన్సన్ టీవీలో దాడి ఖాయమన్నట్టే మాట్లాడాడు. ఆధారాలన్నీ రహస్యం, పత్రికలు సరిచూసుకునే దారి లేదు. పెద్దగా నిలదీసిందీ లేదు. వియత్నాంలో సైనిక బలం వాడేందుకు జాన్సన్‌కు అధికారమిచ్చే తీర్మానం ఆగస్టు 7న అమెరికా ప్రతినిధుల సభలో 416–0తో నెగ్గింది, సెనేట్‌లో కాదన్నది ఇద్దరే.

మొత్తం కట్టుకథేనని చాలామంది అనుకుంటారు. మొదటి దాడి నిజమే. దాని విషయంలో దాచింది, అంతకుముందు ఉత్తర వియత్నాం తీరంపై జరిగిన రహస్య దాడుల వెనుక అమెరికా ఉందన్న సంగతి.