రోబోటిక్స్ అంటే ఏమిటి? దాని వల్ల ఉపయోగం ఏమిటి?

నిర్వచనం ఏ పుస్తకంలోనైనా దొరుకుతుంది. నేను చెన్నై దగ్గర ఒక కార్ల ఫ్యాక్టరీలో వెల్డింగ్ లైన్ మెయింటెనెన్స్ చూస్తాను కాబట్టి రోజూ చూసే రోబో గురించే చెప్తాను. సినిమాల్లోలా దానికి తలా, మొహం ఉండవు. నేలకి బోల్టులతో బిగించిన ఆరు కీళ్ల చెయ్యి, అంతే. 1961లో అమెరికాలో జనరల్ మోటార్స్ ఫ్యాక్టరీలో పెట్టిన మొదటి రోబో యూనిమేట్ కూడా ఒంటిచెయ్యిదే.

ఒకసారి నైట్ షిఫ్టులో గూడూరు వైపు నుంచి వచ్చిన హెల్పర్, మేం అన్నా అని పిలిచే ఒకాయన, "మూడో రోబో చప్పుడు తేడాగా ఉంది, చూడబ్బయ్యా" అన్నాడు. స్క్రీన్ మీద ఒక్క అలారం లేదు. నేను లేచేలోపే లైన్ ఆగింది. వెల్డింగ్ గన్ కొసన ఉండే రాగి క్యాప్ రేకుకి అతుక్కుపోయింది, చెయ్యి వెనక్కి లాగేసరికి రేకు వంగిపోయింది. జింకు పూత రేకులతో ఇదే తంటా. వేడికి జింకు రాగిలో కలిసి క్యాప్ పాడవుతుంది, అందుకే కొన్ని వందల స్పాట్లకోసారి, అంటే అన్ని అతుకులు వేశాక, దాన్ని చెక్కాలి. ఆ చెక్కే బ్లేడు మొద్దుబారిందని రోబోకి తెలీదు. అన్నకి చెవితోనే తెలిసింది. ఆయన జీతం అడక్కండి.

పెండెంట్, అంటే రోబోని చేత్తో నడిపే రిమోట్ లాంటిది, పట్టుకుని రోబో చుట్టూ ఉండే కంచె లోపలికి వెళ్లాను. అలా చేత్తో నడిపే మోడ్‌లో రోబో చెయ్యి సెకనుకి 250 మిల్లీమీటర్లకి మించి కదలదు. పెండెంట్ వెనక స్విచ్ వదిలేసినా ఆగుతుంది, భయంతో గట్టిగా బిగించినా ఆగుతుంది. మనిషికి భయం వేస్తుందని ముందే లెక్కేసిన వాళ్లే అసలు ఇంజనీర్లు. మన దగ్గరేమో నల్లగీత మీద నడిచే బొమ్మబండి చేయించి, రెండు రోజుల్లో రోబోటిక్స్ సర్టిఫికెట్ చేతిలో పెడుతున్నారు. ఫీజు మాత్రం ఘనంగా ఉంటుంది.

ఇక ఉపయోగాలంటారా, ఆపరేషన్ల దగ్గర్నుంచి గోడౌన్ల దాకా చాలా ఉన్నాయి. నన్నడిగితే మనిషి ఒళ్లు గుల్లయ్యే పని ముందు దానికి అప్పజెప్పాలి, హోటల్లో దోసెలు మోయించడం తర్వాత. కేరళకి చెందిన జెన్‌రోబోటిక్స్ వాళ్లు మ్యాన్‌హోల్ శుభ్రం చేసే బాండికూట్ అనే రోబోని 2018లోనే తిరువనంతపురంలో పనిలోకి దించారు. రక్షణ పరికరాలు లేకుండా మనుషుల్ని మురుగులోకి దించకూడదని 2013లో చట్టం కూడా వచ్చింది. మొన్న సంక్రాంతికి ఊరెళ్తే మా వీధి మ్యాన్‌హోల్‌లోకి ఒకాయన నడుముకి తాడు కట్టుకుని దిగుతున్నాడు. చేతులకి గ్లవ్స్ కూడా లేవు. మిషన్ ఏదని కాంట్రాక్టర్‌ని అడిగితే, మనిషయితే చవకండీ అన్నాడు.